వీలునామాకు అందని రోజులు

విశాఖపట్నంలో స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, షిప్‌యార్డులోనో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవారి ఇళ్లలో ముఖ్యమైన కాగితాలన్నీ సాధారణంగా ఒకే సంచీలో ఉంటాయి. ఇంటి దస్తావేజు, ఆస్తిపై అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ, బ్యాంకు డిపాజిట్ రసీదులు, బీమా పాలసీలు, ఎప్పుడో ఆనందపురం వైపు కొన్న స్థలం వ్యవహారాలు చూసుకోమని కొడుకు పేర రాసిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), కొందరి ఇళ్లలో రిజిస్టరు చేయించిన వీలునామా. సంచీ నిండుగా ఉంది గనుక ముందుచూపుతో చేయవలసినదంతా చేసేశామన్న నిశ్చింత ఆ ఇంట్లో ఉంటుంది. అయితే ఆ కాగితాలన్నీ ఆస్తిపాస్తులకు సంబంధించినవి. మనిషి బతికే ఉండి, తెలివిలో లేక, తనకు జరుగుతున్న వైద్యం గురించి నోరు విప్పి చెప్పలేని స్థితి వస్తే వాటిలో ఏ ఒక్కటీ అక్కరకు రాదు. ఆ రోజుల కోసం మన న్యాయవ్యవస్థ అంగీకరించిన పత్రం లివింగ్ విల్. సుప్రీంకోర్టు తీర్పుల్లో దీన్నే ముందస్తు వైద్య ఆదేశంగా వ్యవహరించారు.

పద్దెనిమిదేళ్లు నిండి, మతిస్థిమితంతో ఉన్న ఎవరైనా, ఎవరి ఒత్తిడీ లేకుండా దీన్ని రాసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని జబ్బు చివరి దశకు చేరి, తాను మాట చెప్పలేని పరిస్థితి ఏర్పడితే ఏ చికిత్స మొదలుపెట్టవద్దు, మొదలుపెట్టినదాన్ని ఎప్పుడు ఆపవచ్చు, తన తరఫున డాక్టర్లకు సమ్మతి తెలిపేవారు ఎవరు అన్న మూడు విషయాలు అందులో ప్రధానంగా ఉంటాయి. ఆస్తి ప్రస్తావన ఉండదు. దీనివల్ల ఇంటి మీద గానీ డబ్బు మీద గానీ ఎవరికీ హక్కు రాదు, ఉన్న హక్కు పోదు. మరో అపోహను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇమ్మని ఇందులో రాసినా అది చెల్లదు, అలా ఇచ్చినవారు శిక్షార్హులవుతారు. కృత్రిమ సాధనాలతో మరణాన్ని వాయిదా వేస్తున్న చికిత్సను నిలిపివేసి, జబ్బును దాని సహజ గతికి విడిచిపెట్టడం వరకే దీని పరిధి.

ఈ హక్కు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం నుంచి రాలేదు, జీవించే హక్కును కాపాడే రాజ్యాంగంలోని 21వ అధికరణానికి సుప్రీంకోర్టు చెప్పిన భాష్యం నుంచి వచ్చింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడి లేదని చెబుతూనే, గౌరవంగా జీవించే హక్కు సహజ మరణం ఘడియ దాకా వర్తిస్తుందని గుర్తించింది. ముంబైలో దాడికి గురై దశాబ్దాల పాటు మంచానికే పరిమితమైన నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011 మార్చి 7న వెలువడిన తీర్పు, ఆమె విషయంలో అనుమతి నిరాకరించినా, హైకోర్టు ఆమోదంతో చికిత్స విరమణకు వీలుందని తేల్చింది. కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్‌పై 2018 మార్చి 9న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో లివింగ్ విల్‌కు చట్టబద్ధత దక్కింది. కానీ ఆ తీర్పులో పెట్టిన షరతులు ఎంత బరువైనవంటే, పత్రంపై ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ సంతకం కావాలి, జిల్లా కోర్టులో ఒక కాపీ భద్రపరచాలి, చికిత్స ఆపే ముందు మెజిస్ట్రేటు ఆసుపత్రికి వచ్చి రోగిని చూడాలి. హక్కు కాగితం మీద ఉండి, చేతికి అందకుండా అయిదేళ్లు గడిచాయి. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే ఆ షరతులను సడలించింది. ఇప్పుడు అమలులో ఉన్నది ఆ సడలించిన పద్ధతే.

మిగతా పత్రాలతో పోలిక దగ్గరికి వస్తే, వీలునామా సంగతి తేలిక. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే అది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అది అమల్లోకి వచ్చేది రాసినవారు కన్నుమూశాకే. ఈ చివరి లక్షణం వల్లనే ఒక పొరపాటు తరచు జరుగుతూ ఉంటుంది. కొందరు వీలునామా చివరి పేజీలో, ఆస్తుల పంపకం అయ్యాక, తనను వెంటిలేటర్ మీద ఉంచవద్దని ఒక వాక్యం చేర్పిస్తారు. మన ఇళ్లలో వీలునామా బయటికి తీసేది పెద్దకర్మ అయిన తరువాత. అప్పటికి ఆ వాక్యానికి చదివేవారుంటారు తప్ప పాటించే అవకాశం ఉండదు. వైద్యం గురించిన కోరికను వేరే పత్రంగా రాయవలసిందే.

అసలు చిక్కు జీపీఏతో ఉంది. జీపీఏ చేతిలో ఉంటే పెద్దాయనకు ఏం జరిగినా అబ్బాయి అన్నీ చూసుకుంటాడన్న నమ్మకం మన దగ్గర చాలా బలమైనది, అంతే నిరాధారమైనది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన వ్యక్తి మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. ఇచ్చిన వ్యక్తి తెలివి తప్పాక కూడా కొనసాగే పవర్ ఆఫ్ అటార్నీని అమెరికా, బ్రిటన్ వంటి దేశాల చట్టాలు అనుమతిస్తాయి, మన చట్టం అనుమతించదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు అక్కడి పద్ధతి చూసి ఇక్కడి తల్లిదండ్రులకు సలహా ఇచ్చేటప్పుడు ఈ తేడా గమనించరు.

సీతమ్మధారలో ఉంటున్న డెబ్బై నాలుగేళ్ల రిటైర్డ్ ఉద్యోగికి మెదడులో రక్తస్రావమై తెలివి తప్పిందనుకుందాం. బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు చేతిలో జీపీఏ ఉంది. డాక్టర్లు వైద్యం గురించి అతనితో మాట్లాడతారు. అయితే అది రక్తసంబంధీకుడు గనుక మాట్లాడటమే, జీపీఏకు దానితో నిమిత్తం లేదు. ఆసుపత్రి బిల్లు కోసం తండ్రి ఒక్కడి పేర ఉన్న ఖాతా నుంచి డబ్బు తీయడానికి వెళితే, ఖాతాదారు కోమాలో ఉన్నట్లు తెలిశాక బ్యాంకు ఆ పత్రాన్ని ఒప్పుకోదు. నామినీగా తల్లి పేరు ఉన్నా లాభం లేదు, ఎందుకంటే నామినీ హక్కు ఖాతాదారు మరణంతోనే మొదలవుతుంది. మంచాన పడినా తెలివి ఉన్న ఖాతాదారు విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు కొంత వెసులుబాటు కల్పించాయి. సంతకం చేయలేకపోతే వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర, దానికి ఇద్దరు సాక్షులు, వారిలో ఒకరు బ్యాంకు అధికారి ఉంటే సరిపోతుంది. కోమాలో ఉన్న మనిషికి ఆ దారి కూడా లేదు. కుటుంబసభ్యులు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లి తమను సంరక్షకులుగా నియమించమని కోరవలసి వస్తుంది. ఇటువంటి నియామకాలకు కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు రూపొందించింది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న కుటుంబం అమరావతిలో వకీలును వెతుక్కోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

లివింగ్ విల్ ఈ డబ్బు సమస్యను పరిష్కరించదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. అందులో పేరున్న వ్యక్తికి వైద్యం విషయంలో మాట్లాడే స్థానం ఉంటుంది, బ్యాంకులో ఉండదు. డబ్బుకు ముందు జాగ్రత్త వేరుగా తీసుకోవాలి. ఖాతాను భార్యాభర్తల పేర ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతికి, అంటే ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా, మార్చుకోవడం అందులో సులువైనది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే తీయాలంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు గనుక, దాని గురించి బ్యాంకుతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

నామినేషన్ గురించి ఇంకొక్క మాట. 1984లో సర్బతీ దేవి కేసులో బీమా సొమ్ము విషయమై సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, నామినీ ఆ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమే, చట్టబద్ధమైన వారసుల హక్కు అలాగే ఉంటుంది. 2015 సవరణ తరువాత బీమాలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే పరిస్థితి మారింది, ఆ సొమ్ము వారికే చెందుతుంది. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. ఎంతమందిని పెట్టుకున్నా, ఖాతాదారు బతికుండగా వారికి ఏ అధికారమూ ఉండదు.

బతికుండగానే ఆస్తిని రాసిచ్చే దాన సెటిల్‌మెంట్ తీరు పూర్తిగా వేరు. అది రిజిస్టరైన రోజునే ఆస్తి చేతులు మారుతుంది, ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకునే వీలు ఉండదు. పిల్లలు తనను పోషిస్తారన్న షరతుతో రాసిచ్చి, వారు ఆ మాట తప్పితే, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా ఉండటం ముఖ్యం. సెటిల్‌మెంట్ రాయించుకునే సమయంలోనే వైద్యం గురించిన పత్రం మీద కూడా సంతకం పెట్టించుకోవడం ఏ కోణంలో చూసినా అనుమానాలకు తావిచ్చే పని. లివింగ్ విల్ ఎవరి బలవంతమూ లేకుండా రాసినదై ఉండాలన్నది మొదటి షరతు. ఆస్తి దక్కబోయే వ్యక్తే పక్కన నిలబడి దాన్ని రాయించడం ఆ షరతుకు గండి కొట్టడమే.

అవయవదాన ప్రతిజ్ఞను, ఆంధ్ర మెడికల్ కాలేజీ వంటి చోట్ల బోధన కోసం దేహాన్ని ఇస్తామని రాసిచ్చే సమ్మతిని లివింగ్ విల్‌తో కలిపి చూడటం కూడా తరచు కనిపిస్తుంది. ఆ రెండూ మరణం తరువాతి సంగతులు. 2004 డిసెంబరులో, కండరాల క్షీణతతో చివరి దశలో ఉన్న ఒక యువ చదరంగం క్రీడాకారుడు, తన అవయవాలు పాడవకముందే దానం చేసేలా కారుణ్య మరణానికి అనుమతించాలని కోరగా, ఆ పిటిషన్ హైదరాబాదులోని అప్పటి ఉమ్మడి రాష్ట్ర హైకోర్టుకు వచ్చింది. కోర్టు అంగీకరించలేదు. బ్రెయిన్ డెత్ నిర్ధారణ కాకుండా ప్రాణాధారమైన అవయవాలు తీసుకోవడానికి 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు. తెలుగునాట అందరినీ కదిలించిన ఆ కేసు, ఈ రెండు విషయాలను వేరువేరుగా చూడవలసిన అవసరాన్ని గుర్తు చేస్తుంది.

వేరువేరే అయినా ఒక చోట అవి ఢీకొంటాయి, దాన్ని చాలామంది గమనించరు. బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. ఆ తరువాత అవయవాలు సేకరించే దాకా వాటికి రక్తప్రసరణ, ఆక్సిజన్ అందాలి గనుక వెంటిలేటర్ కొనసాగించి తీరాలి. ఎట్టి పరిస్థితిలోనూ వెంటిలేటర్ వద్దని లివింగ్ విల్‌లో ఖండితంగా రాసి, రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో దాతగా కూడా నమోదైన వ్యక్తి విషయంలో ఈ రెండు కోరికలూ ఒకదానినొకటి అడ్డుకుంటాయి. అవయవదానానికి అవసరమైనంత సమయం యంత్ర సాయం కొనసాగించవచ్చు అన్న మినహాయింపు ఒక్క వాక్యంలో చేర్చితే ఈ చిక్కు తీరిపోతుంది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద కూడా ముందస్తు ఆదేశం ఒకటి ఉంది. అది మానసిక వ్యాధికి ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫు ప్రతినిధి ఎవరో చెప్పేందుకు ఉద్దేశించినది. పేరు దగ్గరగా ఉన్నా దాని దారి, దాని నమోదు పద్ధతి వేరు.

ఇక రాసే పద్ధతి. 2023 సడలింపు తరువాత, పత్రం మీద రాసినవారు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. ఆ సాక్షులు ఇంటివారు కాకుండా బయటివారైతే మేలని తీర్పు సూచించింది. నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ, ఇది ఒత్తిడి లేకుండా, ఫలితం పూర్తిగా తెలిసి రాసినదేనని సంతృప్తి చెంది ధ్రువీకరించాలి. విశాఖ జిల్లా కోర్టు పరిసరాల్లో నోటరీలకు కొదవ లేదు. రోజుకు పదుల సంఖ్యలో అఫిడవిట్లపై ముద్ర వేసే నోటరీ ఈ పత్రాన్ని కూడా అదే వేగంతో ముగించకుండా, రాసినవారితో రెండు మాటలు మాట్లాడి ముద్ర వేయడం ఉభయులకూ శ్రేయస్కరం. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి రిజిస్టరు చేయించవలసిన అవసరం లేదు.

ఒక కాపీ అందులో పేర్కొన్న సంరక్షకులకు, అంటే రోగి తరఫున సమ్మతి తెలిపేవారికి, మరొకటి కుటుంబ వైద్యుడు ఉంటే ఆయనకు ఇవ్వాలి. ఇంకొక కాపీ స్థానిక సంస్థ నియమించే అధికారి దగ్గర భద్రంగా ఉండాలి. అంటే నగరంలో జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), భీమిలి దాటి పల్లెల్లో ఉంటే గ్రామ పంచాయతీ. ఈ బాధ్యత స్థానిక సంస్థలదేనని సుప్రీంకోర్టు చెప్పింది. మహారాష్ట్రలో బాంబే హైకోర్టు జోక్యంతో ఈ దిశగా నియామకాలు జరిగాయి. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీనిపై ఉత్తర్వులు ఇచ్చింది. జీవీఎంసీకి ఇచ్చేటప్పుడు తపాలు విభాగంలో ఇన్‌వర్డ్ నంబరు వేయించి, అందినట్లు ముద్ర ఉన్న ప్రతిని దగ్గర పెట్టుకోవడం వల్ల తరువాత ఆసుపత్రి ఆ పత్రం నిజమైనదేనా అని విచారించినప్పుడు పని తేలికవుతుంది. డిజిటల్ ఆరోగ్య రికార్డు ఉన్నవారు అందులో కూడా దీన్ని చేర్చుకోవచ్చు.

పత్రంలో ఏం రాశారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ఆదేశం అస్పష్టంగా ఉంటే మెడికల్ బోర్డులు దాన్ని అమలు చేయకూడదని 2018 తీర్పే చెబుతోంది. ‘నన్ను కృత్రిమంగా బతికించవద్దు’ అని రాస్తే చదవడానికి బాగుంటుంది, ఐసీయూలో దానికి అర్థం తేలదు. న్యుమోనియా వచ్చిన మనిషిని నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచితే లేచి ఇంటికి నడిచి వెళ్లవచ్చు. అదే వెంటిలేటర్, ఒళ్లంతా పాకిన క్యాన్సర్ చివరి వారాల్లో కేవలం ఊపిరిని సాగదీస్తుంది. యంత్రం ఒకటే, సందర్భాలు రెండు. అందుకని సందర్భాన్ని రాయాలి. ‘కోలుకునే అవకాశం లేదని రెండు మెడికల్ బోర్డులూ నిర్ధారించిన జబ్బుతో ఉండి, మాట చెప్పే స్థితి నాకు తిరిగి రాదని తేలితే, గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి తిరిగి కొట్టించే ప్రయత్నం చేయవద్దు. వెంటిలేటర్ పెట్టవద్దు, పెట్టి ఉంటే తీసివేయండి. కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టవద్దు. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు చివరిదాకా ఇవ్వండి’ అన్న తరహాలో రాసినప్పుడు డాక్టరుకు ఏం చేయాలో తెలుస్తుంది. ముక్కు గొట్టం ద్వారా ఆహారం గురించి కూడా తేల్చి రాయడం మంచిది. మన ఇళ్లలో ఆఖరి పట్టు పడేది అక్కడే. వెంటిలేటర్ వద్దన్న మాటకు ఒప్పుకున్న కుటుంబం కూడా తిండి ఆపడమనే సరికి వెనక్కి తగ్గుతుంది. ఆ సందేహం సహజమైనది, దాన్ని తీర్చగలిగింది రాసినవారి మాటే. ఇవన్నీ ఎవరికి వారు సొంతంగా రాసుకోవడం కన్నా, తమ జబ్బు సంగతి తెలిసిన డాక్టరుతో ఒకసారి కూర్చుని రాసుకోవడం మంచిది.

సంరక్షకుల పేర్లు ఒకటికి మించి ఉండవచ్చని 2023 తీర్పు అనుమతించింది. పిల్లలందరూ విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇది ఎంతో ఉపయోగం. పెద్దకొడుకన్న గౌరవంతో అమెరికాలో ఉన్నవాడి పేరొక్కటే రాసే కన్నా, గాజువాకలో ఉండే మేనకోడలి పేరు కూడా చేర్చితే అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లి సంతకం పెట్టే మనిషి ఉంటారు. అయితే వారికి ఈ విషయం ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆదేశం ఉన్నంత మాత్రాన చికిత్స ఆపరు, పేరున్నవారి సమ్మతి కూడా తీసుకుంటారు. తాము విననైనా వినని కోరికకు ఐసీయూ గుమ్మంలో నిలబడి సమ్మతి ఇవ్వడం ఎవరికైనా కష్టమే.

అమలు క్రమం ఇలా ఉంటుంది. చికిత్స చేస్తున్న డాక్టరు పత్రం నిజమైనదేనని నిర్ధారించుకుంటారు. ఆయనతో పాటు ఆ విభాగంలో కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులతో ప్రాథమిక మెడికల్ బోర్డు ఏర్పడి, వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెబుతుంది. ఆ తరువాత మరో ద్వితీయ బోర్డు. అందులో జిల్లా ప్రధాన వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్ఓ, నామినేట్ చేసిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. దానికీ గడువు 48 గంటలే. రెండూ ఒప్పుకుని, సంరక్షకులు సమ్మతించాక, అమలుకు ముందు ఆసుపత్రి మెజిస్ట్రేటుకు సమాచారం ఇస్తుంది. ఆయన అనుమతి కోసం ఎదురుచూడవలసిన పని ఇప్పుడు లేదు. బోర్డు కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చు. లివింగ్ విల్ లేని రోగి విషయంలో కూడా కుటుంబ సమ్మతితో ఇదే తరహా బోర్డుల దారి ఉంది. తేడా ఏమిటంటే, అప్పుడు రోగి ఏం కోరుకునేవారో ఇంటివారు ఊహించి చెప్పాలి, అన్నదమ్ముల మధ్య ఆ ఊహలు కలవకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఈ దారి తెలియకపోవడం వల్ల మన ప్రాంతంలో జరిగేది వేరు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల నుంచి, ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి రోగులు విశాఖ పెద్దాసుపత్రికీ, ప్రైవేటు ఆసుపత్రులకూ వస్తారు. ఇక లాభం లేదని తెలిశాక, ఖర్చు భరించలేకో, సొంత ఊళ్లో ప్రాణం పోవాలన్న కోరికతోనో, డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టి అంబులెన్సు మాట్లాడుకుంటారు. దారి పొడవునా ఒకరు చేత్తో గాలి సంచీ నొక్కుతూ కూర్చుంటారు. ఇంటికి చేరాక నొప్పికి మందు ఉండదు, ఆయాసం తగ్గించేవారు ఉండరు. చట్టపరంగా చూస్తే ఇక్కడ చికిత్స ఆపింది కుటుంబం, ఆసుపత్రి చేతులు దులుపుకుంది. లివింగ్ విల్ ద్వారా అదే నిర్ణయం తీసుకున్నప్పుడు రోగి డాక్టర్ల సంరక్షణలోనే ఉంటారు, ఇంటికి వెళ్లదలచుకుంటే మార్ఫిన్ వంటి మందుల ఏర్పాటుతో సహా వెళ్లవచ్చు. చికిత్సను ఆపడమంటే ఉపశమనాన్ని ఆపడం కాదని డాక్టర్లు చెప్పే మాటకు ఆచరణరూపం అక్కడ వస్తుంది.

రాసినవారు మనసు మార్చుకుంటే ఎప్పుడైనా లిఖితపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు, కొత్తది రాసుకోవచ్చు. ఒకటికి మించి ఉంటే చివరిగా సంతకం చేసినదే చెల్లుతుంది. తెలివిలో ఉండి మాట్లాడగలిగినంత కాలం, పత్రంలో ఏమున్నా, రోగి అప్పుడు చెప్పిన మాటే ప్రమాణం. కొత్తది రాసినప్పుడు పాత కాపీలను జీవీఎంసీ నుంచి, కుటుంబ వైద్యుడి నుంచి, సంరక్షకుల నుంచి వెనక్కి తీసుకోవాలి, కనీసం రద్దయిందన్న సంగతి రాతపూర్వకంగా వారికి తెలియజేయాలి.